ఆ గుమ్మం దాటాక

ఇవాళ్టికి మందు ముట్టక 90 రోజులు.

తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి లోపల్నుంచి ఒక పెద్దాయన చూసి, "రండి, కూర్చోండి. మాట్లాడక్కర్లేదు, విన్నా చాలు" అన్నారు. ఇంటిపేరు అడగలేదు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలట.

ఆ రోజు ఒకాయన సీసాలు పుస్తకాల వెనక దాచిన సంగతి చెప్పాడు. నేనూ అక్కడే దాచేవాణ్ణి! ఇన్నేళ్ళూ నా ఒక్కడికే ఉందనుకున్న సిగ్గు ఆయన నోట్లోంచి వస్తుంటే ఏడుపు ఆగలేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్‌బ్రోకరు, ఒక సర్జను ఇలాగే ఒకరికొకరు చెప్పుకోవడంతోనే ఇదంతా మొదలైందని తర్వాత తెలిసింది.

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ మాత్రం మనలాంటి వాళ్ళకే. ఆన్‌లైన్లోనూ ఉంటాయి. నాకు మొదటి గ్రూపు కుదర్లేదు, రెండోది కుదిరింది. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని ఇలాంటిదే వేరే ఉంది. మా ఆవిడ అక్కడికి వెళ్తోంది.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. ముందు డాక్టర్ని కలవండి.

నిన్న ఒకబ్బాయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లేచి వెళ్ళి నా పక్క కుర్చీ చూపించాను.