8, 9 నేర్పితే 0, 1 పోయాయి

ఎమ్‌నిస్ట్ అనే చేతిరాత అంకెల బొమ్మల్ని ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి ఐదు విడతలుగా నేర్పండి. ముందు 0-1, ఆ తర్వాత 2-3, అలా 8-9 దాకా. ఒక విడత నడుస్తుండగా పాత బొమ్మలు చూపించొద్దు. చివర్లో పది అంకెల మీదా పరీక్ష పెడితే దాదాపు 20 శాతం వస్తుంది. అంటే 8, 9 తప్ప ఏమీ మిగల్లేదు. సున్నా చూపించినా ఎనిమిదో తొమ్మిదో అంటుంది. ఈ మతిమరుపు కొత్తదేం కాదు. 1989లోనే మెక్‌క్లాస్కీ, కోహెన్ అనే పరిశోధకులు ఒక నెట్‌వర్క్‌కి 1తో కూడికలు 17 నేర్పి, తర్వాత 2తో కూడికలు మొదలుపెడితే మొదటివి చెరిగిపోయాయి.

తప్పు ఎక్కువగా చివరి లేయర్‌లో కనిపిస్తుంది. సాఫ్ట్‌మ్యాక్స్‌తో (స్కోర్లని సంభావ్యతలుగా మార్చే లెక్క) ట్రెయిన్ చేసేటప్పుడు ప్రతి క్లాస్‌కీ, అంటే ప్రతి అంకెకీ, వెళ్ళే గ్రేడియంట్ (స్కోరుని ఎటు, ఎంత జరపాలో చెప్పే విలువ) "మోడల్ ఇచ్చిన సంభావ్యత మైనస్ అసలు జవాబు" (ఆ అంకే అయితే 1, లేకుంటే 0). 8-9 విడతలో సున్నాకి అసలు జవాబు ఎప్పుడూ 0 కాబట్టి, ప్రతి బ్యాచ్ (ఒక్కసారిగా చూపించే కొన్ని బొమ్మలు) దాని స్కోరుని కిందికే తోస్తుంది. పైకి లాగేవాళ్ళు లేరు.

దీనికి చాలామంది మొదట పట్టుకునేది 2017లో డీప్‌మైండ్ వాళ్ళు తెచ్చిన ఈడబ్ల్యూసీ (ఎలాస్టిక్ వెయిట్ కన్సాలిడేషన్) పద్ధతి. పాత పనికి ఏ వెయిట్ (నెట్‌వర్క్ నేర్చుకునే సంఖ్య) ఎంత ముఖ్యమో ఫిషర్ విలువతో కొలిచి, ముఖ్యమైనవి కదలకుండా లాస్‌లో (మోడల్ తప్పుని కొలిచే విలువ) జరిమానా వేస్తుంది. ఆలోచన బాగుంది, కానీ పై పరీక్షలో ఇదీ 20 దగ్గరే ఆగుతుంది. సున్నాకీ తొమ్మిదికీ తేడా ఏమిటో నెట్‌వర్క్ ఎప్పుడూ పక్కపక్కన చూడలేదు. వెయిట్లని ఎంత గట్టిగా పట్టుకున్నా చూడనిది రాదు. కోడ్‌లో జరిగే తప్పులు రెండు. బ్యాచ్ సగటు గ్రేడియంట్‌ని వర్గం చేస్తే ఫిషర్ రాదు, ఒక్కో బొమ్మ గ్రేడియంట్‌ని విడిగా వర్గం చేసి ఆ తర్వాత సగటు తీయాలి. ఇక లాంబ్డాని (ఆ జరిమానా ఎంత గట్టిగా ఉండాలో చెప్పే సంఖ్య) పెంచుకుంటూ పోతే, లర్నింగ్ రేటు (ఒక్కో అడుగు ఎంత పెద్దదో) × లాంబ్డా × ఫిషర్ 2 దాటిన చోట సాదా ఎస్‌జీడీ (గ్రేడియంట్‌ని బట్టి వెయిట్లని జరిపే పద్ధతి) తిరగబడి లాస్ పేలిపోతుంది.

నా ఓటు పాత బొమ్మలు కొన్ని దాచుకోవడానికే. "మెమరీ ఖర్చు కదా" అంటారు. లెక్క చూద్దాం. 784-256-256-10 (ఒక్కో లేయర్‌లో యూనిట్ల సంఖ్య) నెట్‌వర్క్‌లో 2,69,322 వెయిట్లు. ఈడబ్ల్యూసీకి పాత వెయిట్లూ ఫిషర్ విలువలూ దాచాలి, ఒక్కోటి 4 బైట్లు: మొత్తం 21 లక్షల బైట్ల పైమాటే. ఒక్కో బొమ్మకి 784 పిక్సెళ్ళు, పిక్సెల్‌కి ఒక బైటు కాబట్టి 200 బొమ్మలు దాచడానికి 200 × 784 = 1,56,800 బైట్లు చాలు. దాదాపు పద్నాలుగో వంతు!

ఏవి దాచాలి? వచ్చిన బొమ్మల్ని లెక్కపెడుతూ పోండి. 200 బొమ్మలు పట్టే పెట్టె నిండేదాకా అన్నీ లోపలికే. నిండాక n-వ బొమ్మ రాగానే 1 నుంచి n దాకా ఒక సంఖ్యని లాటరీ తీయండి. 200 లోపు పడితే ఆ స్థానంలో ఉన్న పాతది బయటికి, కొత్తది లోపలికి, లేదంటే వదిలేయండి. ఇప్పటిదాకా చూసిన ప్రతి బొమ్మకీ పెట్టెలో ఉండే అవకాశం సమానంగా ఉంటుంది. విడతల హద్దులు ఎక్కడో తెలియనక్కర్లేదు. ట్రెయినింగ్‌లో ప్రతి అడుగుకీ 64 కొత్తవి, పెట్టెలోంచి 64 పాతవి తీసుకోండి. బ్యాచ్ నార్మ్ (బ్యాచ్ సగటుని బట్టి విలువల్ని సరిచేసే లేయర్) వాడితే రెండింటినీ కలిపి ఒకేసారి పంపాలి. విడివిడిగా పంపితే సగటులు చివర వెళ్ళినదాని వైపు ఒరుగుతాయి. 200 బొమ్మల్నే పదేపదే చూపిస్తే మోడల్ వాటిని బట్టీపడుతుంది కాబట్టి ఒకటి రెండు పిక్సెళ్ళు అటూ ఇటూ జరపండి. అద్దంలోలా తిప్పొద్దు, తిప్పిన 2 ఇక 2 కాదు.

ఫలితాలు చదివేటప్పుడు ఒక కిటుకు గమనించండి. పరీక్షలో "ఇది 8-9 విడత బొమ్మ" అని ముందే చెప్పేస్తే ఈడబ్ల్యూసీ కూడా 98 శాతం దాటుతుంది. పేపర్లో పెద్ద అంకె కనిపిస్తే ముందు ఇది చూడాలి. ప్రతి విడత తర్వాతా అన్ని విడతల మీదా పరీక్ష పెట్టి 5×5 పట్టిక వేయండి, ఒక్కో విడత తర్వాతి పరీక్షకి ఒక అడ్డు వరుస, పరీక్షించిన ఒక్కో విడతకి ఒక నిలువు వరుస. ఒక్కో నిలువు వరుసలో ఎప్పుడో వచ్చిన గరిష్ఠం నుంచి ఆఖరిది తీసేస్తే ఎంత మరిచిందో తేలుతుంది.

పెద్ద భాషా మోడల్‌ని తెలుగు పాఠంతో మళ్ళీ ట్రెయిన్ చేసేవాళ్ళదీ ఇదే తంటా. ఉత్త తెలుగే పోస్తే ఇంగ్లీషూ కోడింగూ జారిపోతాయి, పాత రకం పాఠం కొంత కలుపుతూ ఉండాలి. లోరా (పక్కన అడాప్టర్ అనే చిన్న భాగం తగిలించి దాన్నే ట్రెయిన్ చేసే పద్ధతి) వాడితే అసలు వెయిట్లు అలాగే ఉంటాయి కాబట్టి అడాప్టర్ తీసేస్తే పాత మోడల్ వెనక్కి వస్తుంది. కానీ అది తగిలించి ఉన్నంతసేపూ, లేదా వెయిట్లలో కలిపేశాక, మరుపు మామూలే. అందుకే కలపకముందు ఒరిజినల్ ఫైలు ఒకటి పక్కన పెట్టుకోండి.