ఒకే పాట మీద జాజ్ సాధన: ‘ఆటమ్ లీవ్స్’ డైరీ

ఫిబ్రవరి

ఈ ఏడాది నాలుగు పాటలు అటూ ఇటూ గెలకడం మానేసి ఒక్కదాన్నే పట్టుకున్నాను. ‘ఆటమ్ లీవ్స్’. జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ, ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికా జాజ్ వాళ్ల సొంతమైపోయింది. 32 బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు), కీ జి మైనర్. 1958లో శాక్సొఫోన్ వాయించే క్యానన్‌బాల్ ఆడర్లీ ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఆల్బమ్‌లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌తో కలిసి వాయించింది కూడా ఈ కీలోనే. రికార్డు పెట్టుకుని పక్కనే వాయించుకోవచ్చు. నా 61 కీల కీబోర్డు ఈ పనికి బాగానే సరిపోతోంది.

చిన్నప్పుడు వయొలిన్ మీద వర్ణాల దాకా నేర్చుకున్నాను. అక్కడికక్కడే అల్లే కల్పనస్వరాలు ఎంత దూరం తిరిగొచ్చినా కింద షడ్జమం కదలదు. ఇక్కడ ఆ నేలే కదులుతుంది. సి మైనర్ సెవెన్ అనే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) మీద హాయిగా ఉన్న ‘బి ఫ్లాట్’, పక్క బార్‌లో ఎఫ్ సెవెన్ రాగానే కార్డ్ లోపలి ‘ఎ’తో ఒరుసుకుంటుంది. రెండు కార్డ్‌లకూ స్కేల్ ఒకటే, స్వరం కూడా అదే. అయినా చెవికి తేడా కొడుతుంది. ఏ స్కేల్ వాయించాలి అన్న ప్రశ్నతో జాజ్ మొదలుపెడితే ఈ తేడా ఎప్పటికీ దొరకదని నా గట్టి నమ్మకం.

మార్చి, ఏప్రిల్

అందుకే స్కేళ్లు పక్కన పెట్టి ప్రతి కార్డ్‌లో రెండే స్వరాలు పట్టుకున్నాను: కార్డ్‌కి పేరిచ్చే స్వరం (రూట్) నుంచి లెక్కపెడితే మూడోది, ఏడోది. వీటిని గైడ్ టోన్స్ అంటారు. మేజరా మైనరా, నిలబడే కార్డా కదిలే కార్డా అని చెప్పేవి ఇవే. రూట్‌ని బేస్ వాయించేవాళ్లు చూసుకుంటారు, ఐదోది లేకపోయినా ఎవరికీ తెలియదు.

కీబోర్డు ఉంటే ఇది వేళ్లతో చేసి చూడండి. సి మైనర్ సెవెన్‌కి ‘ఇ ఫ్లాట్’, ‘బి ఫ్లాట్’. ఎఫ్ సెవెన్ వచ్చేసరికి ‘ఇ ఫ్లాట్’ ఉన్నచోటే ఉంటుంది, ‘బి ఫ్లాట్’ అర మెట్టు దిగి ‘ఎ’ అవుతుంది. బి ఫ్లాట్ మేజర్ సెవెన్‌లో ఈసారి ‘ఎ’ ఆగుతుంది, ‘ఇ ఫ్లాట్’ దిగి ‘డి’ అవుతుంది. ఇ ఫ్లాట్ మేజర్ సెవెన్‌లో ‘ఎ’ దిగి ‘జి’. ఎ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్‌లో ‘డి’ దిగి ‘సి’. డి సెవెన్‌లో ‘జి’ దిగి ‘ఎఫ్ షార్ప్’. ఒక వేలు ఆగితే ఇంకో వేలు దిగుతుంది, నిచ్చెన దిగుతున్నట్టే. చివరికి జి మైనర్‌లో ‘సి’ కాస్తా ‘బి ఫ్లాట్’ అవుతుంది, చుట్టు పూర్తి. మెలొడీ కూడా ఈ దారినే నడుస్తుంది: మొదటి బార్ మొదట్లో వచ్చే పొడవాటి స్వరం ‘ఇ ఫ్లాట్’, మూడో బార్‌లో ‘డి’, ఐదో బార్‌లో ‘సి’.

పద్ధతి ఇది. మెట్రోనోమ్ 50 మీద పెట్టి ఆ టిక్కులను రెండో, నాలుగో బీట్లుగా వినాలి. అంటే అసలు టెంపో 100. మొదట్లో టిక్కులు ఒకటో బీట్‌కి జారిపోతుంటాయి. నోటితో లెక్క పెడుతూ వాయిస్తే నిలబడుతుంది. ఎడమచేత్తో రూట్ ఒక్కటే, కుడిచేత్తో గైడ్ టోన్స్. సోలో అంటే బార్‌కి ఒక్క స్వరం, అంతే. ఆ ఒక్క స్వరంతోనే పాట ఎక్కడుందో వినేవాళ్లకు తెలిసిపోతుంది. మా అక్క పక్క గదిలోంచి “ఇవాళ పాట గుర్తుపట్టాను” అంది.

జూన్

డి సెవెన్ దగ్గర కీరవాణి రాగం అక్కరకొచ్చింది. జి కీరవాణిని ‘డి’ నుంచి చూస్తే వకుళాభరణం. శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లకు ఈ గ్రహభేదం (అవే స్వరాలను వేరే స్వరం నుంచి చూడటం) దగ్గరి దారి. అలాగని పేర్లు అతికించుకుని మురిసిపోవడం నాకు నచ్చదు. మైల్స్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ స్వరాలు ఖరహరప్రియవే, నిజమే. కానీ గమకం లేకపోతే అది ఖరహరప్రియ ఎలా అవుతుంది?

ఎక్కువ కాలం తిన్నది ఎఫ్ సెవెన్. ఏడు స్వరాల స్కేల్‌ని ఎనిమిదో నోట్లుగా (బీట్‌కి రెండు) కిందికి వాయిస్తే బార్‌కి ఎనిమిది కావాలి, ఒకటి తక్కువ పడుతుంది. బీబాప్ (వేగంగా సాగే ఒక జాజ్ శైలి) వాళ్లు మధ్యలో ఒకటి ఇరికించారు: ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్, డి, సి, బి ఫ్లాట్, ఎ, జి. ఇప్పుడు నాలుగు బీట్ల మీదా ఎఫ్, ఇ ఫ్లాట్, సి, ఎ పడతాయి. కార్డ్‌లోని నాలుగు స్వరాలూ అవే! ఒరుసుకునేవన్నీ బీట్ల మధ్య సందుల్లోకి పోతాయి. ‘ఇ’ నిజానికి ఎఫ్ సెవెన్‌కి గిట్టని స్వరం, కానీ సందులో పడితే చెవి ఏమీ అనుకోదు. బీట్ మీద ఒకసారి పెట్టి చూడండి, తెలుస్తుంది.

ఆగస్టు

ఎడమచేతికి రూట్ తీసేశాను. బిల్ ఎవాన్స్, వింటన్ కెల్లీ లాంటి పియానిస్టులు వాడిన చేతి పట్లు ఇవి. సి మైనర్‌కి కింది నుంచి ఇ ఫ్లాట్, జి, బి ఫ్లాట్, డి. ఎఫ్ సెవెన్‌కి ఇ ఫ్లాట్, జి, ఎ, డి. మారింది ఒక్క వేలే. మిడిల్ సి చుట్టుపక్కలే ఉంచాలి, ఇంకా కిందికి పోతే అంతా ముద్దగా వినిపిస్తుంది. ఒక్కడినే ఉన్నప్పుడు ఈ పట్లు గాల్లో వేలాడుతుంటాయి, అందుకని ఫోన్‌లో తోడు వాయించే యాప్ ఐరియల్ ప్రో పెట్టి పియానో మ్యూట్ చేసి, బేస్, డ్రమ్స్ మాత్రం ఉంచుతున్నాను. టెంపో 132. అంతకు మించితే కుడిచేయి మళ్లీ అలవాటైన ముక్కలే వల్లిస్తోంది.

ఇప్పుడు చేస్తున్నది: ఎఫ్ సెవెన్ బదులు బి సెవెన్. వింతగా ఉంటుంది కానీ బి సెవెన్‌లో మూడోది, ఏడోది కూడా ఇ ఫ్లాట్, ఎ లే (అందులో ‘డి షార్ప్’ అని రాస్తారు, మీట మాత్రం ఒకటే). పై రెండూ ఎఫ్ సెవెన్ ఉన్నప్పటిలాగే నడుస్తుండగా బేస్ సి, బి, బి ఫ్లాట్ అని అర మెట్టు చొప్పున దిగుతుంది. ఎడమచేతికి వచ్చేసింది. కుడిచేతికి ‘బి’ నుంచి వాచస్పతి స్వరాలు పెట్టుకుని, వచ్చే నెల మళ్లీ 100 దగ్గర నుంచి మొదలు.