చలికాలం బీర్లు, మన కారం: ఈ ఏటి లెక్క

కార్తీకం అయిపోయే దాకా మా ఇంట్లో నీసు ముట్టరు. అందుకే ఏ బీరు ఏ వంటతో కుదురుతుందో చూసే లెక్క ఈ ఏడు కూడా నవంబరు చివర్లోనే మొదలైంది. పోయినేడు చేసిన తప్పు ఒకటుంది. ఏ సీసా అయినా గడ్డకట్టే దాకా చల్లబరిచి తాగడం. మామూలు లాగర్‌కి, అంటే లేత రంగు బీరుకి, అది నడుస్తుంది గానీ స్టౌట్, డాపెల్‌బాక్ లాంటి ముదురు రంగు బీర్లకి నడవదు. మరీ చల్లగా ఉంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, మాడిన గింజ వాసన రెండూ పోయి చేదే మిగులుతుంది. ఈసారి వంటింటి థర్మామీటర్ ఒకటి కొన్నాను. ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీల దగ్గర తీసిన స్టౌట్ డబ్బా మా నల్లగొండ డాబా మీద 12 డిగ్రీలకు రావడానికి రాత్రిపూట దాదాపు ముప్పావు గంట పట్టింది. ఆ లోపు కూర వేడెక్కుతుంది, రొట్టెలు అవుతాయి.

మొదటి వారం గోధుమ బీరు. బెల్జియం పద్ధతిలో చేసేది, అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ఇది చలికాలం బీరేం కాదు, కానీ మా ఊరి వైన్స్‌లో ఎప్పుడూ దొరుకుతుంది. సాగర్ నుంచి వచ్చిన బొచ్చె చేపను ఉప్పు, కారం, ధనియాల పొడి పట్టించి పెనం మీద వేయించాం. ధనియాలు అటూ ఇటూ ఉండేసరికి రెండూ ఒకే ఇంటివిలా కలిశాయి. పచ్చి బత్తాయి తొక్కను గ్లాసు మీద నలిపి చూశాను. తోటలున్న జిల్లాలో పుట్టి అది కూడా చేయకపోతే ఎట్లా? వాసన బాగుంది, రుచిలో మాత్రం పెద్ద తేడా లేదు.

రెండో వారం బోటి కూరతో ఐపీఏ అనే చేదు బీరు తాగాను. ఇది మళ్ళీ చేయను. అందులో వేసే హాప్స్ అనే పూల చేదు మిరపకారాన్ని ఎగదోస్తుంది, గ్యాస్ బుడగలు మండే నాలుకను ఇంకా గుచ్చుతాయి. మూడో గుటకకే చెవులు వేడెక్కాయి. అమ్మ ఏమీ అనకుండా ఒక గ్లాసు సల్ల తెచ్చి ముందు పెట్టింది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ కారాన్ని పట్టుకుని నాలుక మీంచి లాగేస్తుంది, ఆ పని బీరుతో కాదు. పుస్తకంలో రాసుకున్నా: కూరలో కారం ఎక్కువైతే చేదు బీరు వద్దు, మాల్ట్ తీపి ఉన్నది తీసుకో. మరీ ఎక్కువైతే బీరే వద్దు.

స్టౌట్‌కి నాటుకోడి కూర కంటే నిప్పుల మీద కాల్చిన ముక్కలే నప్పాయి. బాగా వేయించిన బార్లీలో వచ్చే వాసన, మాంసం అంచు మాడితే వచ్చే వాసన దగ్గరి చుట్టాలు. పెనం మీద కాస్త నల్లబడిన జొన్న రొట్టె అంచు కూడా అంతే. పులుసు కూరలతో మాత్రం స్టౌట్ ఇనుము నాకినట్టుంది.

ఇక అసలు సంగతి డాపెల్‌బాక్. మా బావ మ్యూనిక్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీ కింద అనుమతించే రెండు లీటర్ల లెక్కకు సరిపడా అరలీటరు సీసాలు నాలుగు తెచ్చాడు. ఆల్కహాల్ 7.9 శాతం. మ్యూనిక్‌లో పౌలానర్ మఠం క్రైస్తవ సన్యాసులు ఈస్టర్ ముందు ఉపవాసాల కాలానికి కాచిన బీరు ఇది. తిండికి బదులు దీన్ని తాగేవారని చెబుతారు. “చూసినవా బామ్మర్దీ, మీరు ఉపవాసం అయ్యేదాకా ఆగుతరు, వాళ్ళు ఉపవాసానికే తాగిన్రు” అని బావ ఒకటే నవ్వు.

నాలుగిట్లో ఒకటి పోయింది. తొందరగా చల్లబడాలని తమ్ముడు ఫ్రీజర్‌లో పెట్టి మరిచాడు. పొద్దున చూస్తే సీసా అడుగు ఊడి, గోధుమ రంగు మంచు బఠానీల ప్యాకెట్‌కి అతుక్కుని ఉంది. తొందరుంటే బకెట్‌లో ఐసు, నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి పెట్టండి, పావుగంటలో చల్లబడుతుంది.

రెండో సీసా మటన్‌తో తాగాం. గసగసాలు, ఎండు కొబ్బరి నూరి వేసిన కూర అది. బాగానే ఉంది గానీ మసాలా ముందు బీరు ఎక్కడా కనబడలేదు. మూడోది అనుకోకుండా కుదిరింది. దేవరకొండ వైపు నుంచి మా మేనమామ సంచెడు కందికాయలు పంపాడు. అమ్మ గంజులో ఉప్పేసి ఉడకబెట్టి చాటలో పోసింది. ఆవిరి పోకముందే పంటితో కాయ లాగితే మూడు నాలుగు పచ్చి గింజలు, తొక్క మీది ఉప్పు నీళ్ళు నోట్లోకి వస్తాయి. దాని మీద 10 డిగ్రీల దగ్గరున్న డాపెల్‌బాక్ ఒక గుటక. రొట్టె పెచ్చు, బెల్లం పాకం లాంటి తీపి, దాని వెనకే గింజ కమ్మదనం. ఉప్పుకి తీపి ఇంకా పైకి లేచింది. కారం లేదు, మసాలా లేదు. బావ చాట తన వైపు జరుపుకున్నాడు, ఈసారి మాట్లాడలేదు.

నాలుగో సీసా సంక్రాంతి సకినాలకు దాచాను. నువ్వులు, వాము ఉంటాయి కాబట్టి కుదరాలి. సీసా మీద కాగితం అతికించి తమ్ముడి పేరు రాసి, కింద “ఫ్రీజర్‌లో పెట్టొద్దు” అని రాశాను.