లాండ్రిన్‌డాడ్‌లో క్రాసింగ్

ష్రూస్‌బరీ నుంచి స్వాన్సీకి వేల్స్ నడిబొడ్డు గుండా వెళ్ళే లైనుకు టికెట్టు కొనేటప్పుడే నాకు చిరాకు మొదలయింది. అదే రైలుకు దారిలో ఏదో ఒక స్టేషను దగ్గర విడగొట్టి రెండు టికెట్లు కొంటే, మొత్తానికి కొన్న ఒక్క టికెట్టు కంటే చవకగా పడే సందర్భాలు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. రైలు ఆ స్టేషనులో ఆగితే చాలు, మనం దిగనక్కరలేదు. కిలోమీటర్లను బట్టి ఛార్జీ కట్టే పద్ధతికి అలవాటుపడిన నాకు ఇది మింగుడుపడలేదు.

మా రైలంటే ఒకే ఒక్క పెట్టె. సుమారు 121 మైళ్ళ దారికి నాలుగు గంటలు పడుతుంది. చాలా స్టేషన్లలో, మన పల్లెవెలుగు బస్సుకు లాగే, ఎక్కేవారు చెయ్యెత్తాలి. దిగేవారు గార్డుకు ముందే చెప్పాలి. నైటన్ అనే ఊరు వేల్స్‌లో ఉంటే దాని స్టేషను ఇంగ్లండులో ఉంది.

లాండ్రిన్‌డాడ్ స్టేషనులో క్రాసింగ్ కోసం, అంటే సింగిల్ లైను మీద ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి, ఆగాము. ఎదురుబండి ఆలస్యమని తెలిసి విసుగ్గా ప్లాట్‌ఫారం మీదికి దిగాను. ఆ బండి వచ్చాక మా డ్రైవరు ఇంజను గది దిగి, ప్లాట్‌ఫారం మీద ఉన్న యంత్రం దగ్గరికి నడిచి వెళ్ళి, ఎక్కడో పాంటిఫినన్‌లో కూర్చున్న సిగ్నల్‌మన్‌కు ఫోను చేసి, అనుమతి దొరికాక తాళంచెవి వంటి పొడవాటి లోహపు టోకెన్‌ను స్వయంగా బయటికి లాగాడు. ముందున్న సింగిల్ లైను మీద ఆ టోకెన్ ఉన్న బండికే హక్కు. ఖర్చు తగ్గించడానికి 1980లలో దారిపొడవునా సిగ్నల్ సిబ్బందిని తీసివేసి, వారి పనిని డ్రైవర్లకు అప్పగించారు.

నా విసుగంతా ఆ క్షణంలోనే పోయింది. గుంటూరు–నంద్యాల మీటరుగేజి లైను మీద, నల్లమలలోని ఒక చిన్న స్టేషనులో మా మామయ్య పాయింట్స్‌మన్‌గా ఉండేవాడు. రాత్రివేళ ఆగని బండి వస్తే ఒక చేతిలో దివిటీ, మరో చేతిలో బెత్తపు చక్రం పట్టుకుని పట్టాల పక్కన నిలబడేవాడు. ఆ చక్రానికి కట్టిన తోలుసంచిలో ఇనుప గుండు ఉండేది, అదే టోకెన్. ఇంజనులోంచి ఒకతను వంగి, పాత చక్రాన్ని కింద పడవేసి, మామయ్య చేతిలోని దానిలోకి భుజం దాకా చెయ్యి దూర్చి లాక్కుపోయేవాడు. బండి దాటాక మామయ్య లాంతరుతో కంకరలో ఆ పాత చక్రాన్ని వెతుకుతుంటే నేను ఆయన వెనకే నడిచేవాడిని. గుండు నా రెండు చేతులలో పెట్టి, ఇది పోతే బండ్లు ఆగిపోతాయి నాయనా, జాగ్రత్తగా పట్టుకో అనేవాడు.

లాన్‌వర్టిడ్ దాటి, సొరంగంలోంచి బయటపడ్డాక కంగ్‌హోర్డీ వంతెన వచ్చింది. పద్దెనిమిది కమానుల మీద వంపు తిరిగి, లోయను దాటే ఆ 1868 నాటి రాతి కట్టడం మీద మా ఒంటిపెట్టె బండి నెమ్మదిగా నడిచింది. మీటరుగేజి తీసివేశాక నల్లమల అడవికి వదిలేసిన దొరబావి వంతెన గుర్తుకువచ్చి గుండె బరువెక్కింది. ఇక్కడ ఒక్క పెట్టె కోసమైనా వంతెనను బతికించుకున్నారు.

లాండవరీలో అందరికంటే ముందు నేనే దిగాను. డ్రైవరు నా ఆసక్తి గమనించి, యంత్రంలో పెట్టబోయే ముందు టోకెన్‌ను నాకు కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. దాని మీద, మామయ్య గుండు మీద లాగే, ఇటు స్టేషను పేరూ అటు స్టేషను పేరూ చెక్కి ఉన్నాయి.