నూనె ప్యాకెట్ మీద తేదీతో మొదలుపెట్టాను

చెడు కొవ్వు, అంటే గుండెకు మంచిది కాని సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు తగ్గిద్దామనుకున్నప్పుడు నేను ముందుగా ఏదీ మానలేదు, లెక్క తీశాను. కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీద తేదీ వేశాను. లీటరు నూనె దాదాపు 920 గ్రాములు తూగుతుంది. నలుగురికి పది రోజులు వస్తే మనిషికి రోజుకు 23 గ్రాములన్నమాట. అది పొద్దుతిరుగుడు నూనె అయితే అందులో సంతృప్త కొవ్వు రెండున్నర గ్రాములు. పామాయిల్ అయితే 11 పైనే. 2000 కేలరీలు తినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు సుమారు 22 గ్రాములు. పామాయిల్‌తోనే సగం పోయింది! నూనె మార్చినా గ్రాముకు 9 కేలరీలు తగ్గవు కాబట్టి కొలత చెంచా మాత్రం మానలేదు.

తర్వాత ప్యాకెట్లు. ముందు వైపు పెద్దక్షరాలు వదిలేసి వెనక్కి తిప్పుతాను. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందుంటుంది. మొదటి మూడింటిలో వనస్పతి, పామ్ నూనె, వెన్న ఉంటే ఇక ఆలోచించకుండా వదిలేస్తాను. 'పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె' అని ఎక్కడ కనిపించినా తిరిగి అరలో పెట్టేస్తాను. ట్రాన్స్ కొవ్వు ప్రధానంగా వచ్చేది దాన్నుంచే.

నేను మోసపోయింది సున్నా దగ్గర. ట్రాన్స్ కొవ్వు సర్వింగుకు (ఒకసారి తినే మోతాదని ప్యాకెట్ మీద రాసేదానికి) అర గ్రాములోపు ఉంటే సున్నా అని వేసుకోనిచ్చే నిబంధనలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. నా ప్యాకెట్ మీద సర్వింగు అంటే మూడు బిస్కెట్లు. పన్నెండు తింటే, 0.4 చొప్పున 1.6 గ్రాములు. రోజంతటికీ హద్దు 2.2. అందుకే సర్వింగు గడి చూడను, 100 గ్రాముల గడే చూస్తాను. సంతృప్త కొవ్వు అక్కడ 5 గ్రాములు దాటితే ఎక్కువ, 1.5 లోపుంటే తక్కువ.

'కొవ్వు లేదు' అన్న ప్యాకెట్లకు మారడం నా రెండో పొరపాటు. కొవ్వు తీసిన చోట రుచి కోసం చక్కెర, పిండి పదార్థం చేరతాయి, గుండెకు ఒరిగేదేమీ లేదు. సంతృప్త కొవ్వు తీసేసిన చోటికి గింజలు, చేపలు, ద్రవరూప నూనెలు రావాలి.

వేపుళ్ల దగ్గర గొడవంతా వేడిలోనే ఉంది. నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గినా, మూకుడులో ఒకేసారి కుప్పగా వేసినా పైన గట్టిపడేలోపు ముక్క నూనె పీల్చేస్తుంది. వేయించిన నూనెను వడకట్టకపోతే అడుగున మిగిలిన పొడి మాడి దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. నురగ అణగకపోవడం, చెంచాకు జిగురుగా అంటుకోవడం, వేడెక్కకముందే పొగ రావడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా పారబోస్తాను. పాత నూనెలో కొత్తది కలపడం పొదుపు కాదు, కొత్తదాన్నీ పాడుచేసుకోవడమే.

పాల సంగతి తేలిక. 3.5 శాతం వెన్న ఉన్న పాలు 250 మిల్లీలీటర్లు తాగితే 9 గ్రాముల కొవ్వు, అందులో దాదాపు ఆరు సంతృప్తం. 1.5 శాతం పాలకు మారితే అది రెండున్నరకు దిగుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం ఈ మార్పు పనికిరాదు, ఆ వయసులో వాళ్లకు ఆ కొవ్వు కావాలి.