హాల్లో మేకు

రాత్రి పదకొండున్నరయింది. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. కడగను. ఇవాళ ఆ గిన్నెల మీదే నా కోపం.

మా ఇంట్లో ప్రార్థన కూటమని మొన్న రాశాను కదా. మా చర్చి అయ్యగారు ఊళ్లో లేరు, బదులుగా ఎవరో అతిథి ప్రసంగీకుణ్ణి పంపారు. ఆయన వస్తూనే సంచిలోంచి ప్రపంచ పటం తీసి, ఒక్క మాటైనా అడక్కుండా, కిందటి నెల రంగులేయించిన గోడకి మేకు కొట్టించారు. కొట్టింది మా చిన్నోడే. సుత్తి దొరికితే వాడికి పండగ.

వాక్యం మత్తయి 21:43. దేవుని రాజ్యం ‘దాని ఫలమిచ్చు జనుల’కు ఇవ్వబడుతుందని. జనులంటే మనుషులు కారట, జాతట, దేశమట. దేవుడు లెక్కపెట్టేది దేశాల్నేనట. స్కేలుతో జాంబియాని పొడిచి, 1991 డిసెంబరులో అధ్యక్షుడు చిలూబా ‘మాది క్రైస్తవ దేశం’ అని ప్రకటించాడు, రాజ్యమంటే అదీ, మన వంతెప్పుడో అన్నారు. మా ఆయన మెల్లిగా, “‘నా రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదు’ అని యేసు పిలాతుతో అన్నాడు కదండీ” అన్నారు. ప్రసంగీకుడు నవ్వారు. గుమ్మంలో నించుని నేను కూడా, “అధ్యక్షుడు ప్రకటిస్తే ఆ దేశంలో దొంగ కూడా రాజ్యానికి వారసుడైపోతాడా అండీ?” అన్నాను. ఈసారి నవ్వలేదు.

“అమ్మా, మీరు టీ సంగతి చూడండి” అన్నారు.

చూశాను. ముప్ఫై ఒక్క కప్పులు. అందులో రెండు ఆయనవే. రెండోదానికి చక్కెర తగ్గిందన్నారు.

పాలు పొంగేలోపల జవాబంతా సిద్ధమైపోయింది నాలో. రాజ్యం ఎవరికి వారిదే. నికొదేము యేసు దగ్గరికి రాత్రిపూట ఒంటరిగా వచ్చాడు. ‘ఒకడు క్రొత్తగా జన్మించితేనే కాని అతడు దేవుని రాజ్యమును చూడలేడు’ అన్నాడు యేసు. ఒకడు! దేశం మళ్లీ పుడుతుందా, మంత్రసాని ఎవరు? ఇదే రాసేసి పడుకుందామని కూర్చున్నాను. అమ్మమ్మ అడ్డొచ్చింది.

అమ్మమ్మకి చదువు రాదు గానీ, రెండు వేల రెండు వందల ఇరవై రెండు అన్న అంకె మాత్రం తడుముకోకుండా చెప్పేది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. వాళ్లలో తన నాయనమ్మ కూడా ఉందని ఆవిడ గొప్ప. ఒంగోలు మిషనరీ క్లౌ దొర పెద్దరికం చేసినా నీళ్లలో దిగి ముంచింది మాత్రం మన పంతుళ్లే, ఇద్దరిద్దరు చొప్పున. అంతకు ముందు కరువు. దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి మా మాదిగపల్లెలకు కూలి చూపించాడు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని, కరువు పోయేదాకా పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

పైగా బాప్తిస్టులు. పసిపిల్లల మీద నీళ్లు చల్లే సంఘం కాదు, ఎవరి నోటితో వాళ్లు ఒప్పుకోవాల్సిందే. ఒక్కొక్కరే మునిగారు. నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి, అని టైపు చేస్తుంటే అమ్మమ్మ చెప్పే రెండో సగం గుర్తొచ్చింది. “ఒక్కతే ఎట్టా పోద్దే? పల్లె పల్లెంతా పోయింది.” కలిసినవాళ్లు చచ్చిన గొడ్డును తినకూడదు, ఆదివారం పనికి పోకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టనని ఒక్కడంటే వీపు చీరేస్తారు. పల్లెంతా అంటే ఊరు ఆలోచనలో పడుద్ది. బావి దగ్గరికి రానివ్వకపోతే అందరూ కలిసి వాగులో చెలమ తీసుకున్నారట. చెలమ సంగతి చెప్పేటప్పుడు చేత్తో ఇసక తోడుతున్నట్టు చూపించేది ముసల్ది.

అది దేశం కాదు. జెండా లేదు, అధ్యక్షుడు లేడు. అలాగని ఒంటరి మనిషీ కాదు.

‘దేవుని రాజ్యము మీ మధ్యనే యున్నది’, లూకా 17:21. ఇన్నేళ్లూ ఆ ‘మీ’ని మర్యాదకన్నట్టు, నన్నొక్కదాన్నే అన్నట్టు చదువుకున్నాను. ఒక్క మనిషికి మధ్య ఎక్కడుంటుంది?

అంటే, జనులంటే ఒంటరివాళ్లు కారని ఆ ప్రసంగీకుడన్నది సగం నిజమే. ఒప్పుకోడానికి చేతులు రావట్లేదు. టీ మాట అనకపోయుంటే అక్కడే ఒప్పుకునేదాన్నేమో. ఏమో, ఒప్పుకునేదాన్ని కాదు. జాంబియా సంగతి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అసలు రాయాల్సింది వేరే ఉంది. అత్తయ్య ఆర్నెల్ల తర్వాత ఇవాళ పాట ఎత్తుకున్నారు. మూడు చరణాలూ పాడారు.

పటం మర్చిపోయి వెళ్లారాయన. తిరిగిచ్చేద్దామని తీస్తే, మేకు చుట్టూ రూపాయి బిళ్లంత పెచ్చు ఊడుంది. మళ్లీ తగిలించేశాను.