గుర్రం పొట్ట చిరిగింది: ఒక పాత హుక్డ్ రగ్ బాగుచేసిన నా అనుభవం

పోయిన చలికాలం అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక పాత సామాన్ల కొట్టులో 90 డాలర్లు పెట్టి హుక్డ్ రగ్ ఒకటి కొన్నాను. మన దగ్గర రగ్గు అంటే కప్పుకునేది, ఇది నేల మీద పరిచేది. మధ్యలో నల్ల గుర్రం, చుట్టూ గులాబీలు. గుర్రానికి ముందుకాళ్లు పొట్టి, వెనక్కాళ్లు పొడుగు. ఆ కాళ్లు చూసే కొన్నాను.

ఇంటికి తేగానే బాల్కనీలో నిలబడి దుప్పటి దులిపినట్టు దులిపాను. రెండో దులుపుకే గుర్రం పొట్ట దగ్గర జానెడు మేర పర్రున చిరిగింది.

తప్పు నాదే. వీటి వెనక ఉండేది గోనెగుడ్డ. 1850ల తర్వాత జనపనార గోనెసంచులు అక్కడ చవగ్గా దొరకడం మొదలయ్యాక, అమెరికా ఈశాన్య మూలన ఉండే న్యూ ఇంగ్లండ్‌లోనూ కెనడా తూర్పు తీరంలోనూ ఆడవాళ్లు ఆ సంచులు విప్పి, వాటి మీద బొగ్గుతో బొమ్మ గీసి, పాడైపోయిన కోట్లూ స్కర్టులూ పీలికలు చేసి, కొక్కెంతో ఒక్కో పీలికనీ కింద నుంచి పైకి లాగి లూపులు వేసేవారు. ముడి అనేదే ఉండదు. మన ఏలూరు తివాచీలో ఉన్నిపోగుకి ముడి వేస్తారు కదా, ఇక్కడ లూపులు ఒకదాన్నొకటి ఒత్తుకుని గోనె కన్నాల బిగువుకే నిలబడతాయి. అందుకే వందేళ్లకి ఉన్ని బాగానే ఉన్నా గోనె పెళుసెక్కి పొడి రాలుతుంది. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన మనిషి, గోనె సంగతి నాకు తట్టలేదంటే ఫోన్లో ఒకటే నవ్వు.

ఇలాంటివి బాగుచేసే పెద్దావిడ ఒకరు పరిచయమయ్యారు. సూది ముట్టుకోకముందు రగ్గుని తిరగేసి చూడమన్నారు. వెనక ఎండ తగల్లేదు కాబట్టి రంగులు దాదాపు అప్పట్లాగే ఉన్నాయి, పైన బూడిదరంగు అనుకున్నది అసలు ఊదా! నేపథ్యం ముదురు గోధుమరంగుతో మొదలై సగానికి వచ్చేసరికి ఆ కోటు కాస్తా అయిపోయినట్టుంది, అక్కడి నుంచి ఏదో గళ్ల గుడ్డ. గుర్రం ఒంటి మీద వరసలు మాత్రం అడ్డంగా పోకుండా మెడ దగ్గర వంపు తిరిగి, పొట్ట చుట్టూ గుండ్రంగా నడిచాయి. నలుపులో నలుపు కలిసిపోకుండా ఒంటి చుట్టూ ఒకే ఒక్క లేతరంగు వరస. కాళ్లు గీయడం రాకపోవచ్చు గానీ ఈ రగ్గు చేసినావిడకి ఒంటి కండ తెలుసు.

గులాబీలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి, అచ్చు డిజైన్ మీద వేసినవే కావచ్చు. మెయిన్‌లోని బిడెఫర్డ్‌లో ఎడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్ అని రేకు సామాన్లు ఊరూరా తిరిగి అమ్మే ఆయన ఉండేవాడు. లోహపు రేకుల్లో డిజైన్లు కత్తిరించి, గోనె మీద రంగులతో అచ్చువేసి అమ్మేవాడు. 1876లో వ్యాపారం వేరేవాళ్లకి ఇచ్చేశాడు. అలా అచ్చువేసిన సింహాలూ పూలూ శుభ్రంగా ఉంటాయి, కాదనను, కానీ నా ఓటు పొట్టికాళ్ల గుర్రానికే.

ఇక మరమ్మతు. చిరుగు కింద నారబట్ట ముక్క పెట్టి, పలచగా టాకాలు వేసి, ఊడిన లూపులు ఒక్కొక్కటీ రెండు బట్టల్లోంచీ మళ్లీ లాగాలి. సెకండ్ హ్యాండ్ షాపులో ఉన్ని స్కర్టు కొని, వేడినీళ్లలో ఉతికితే గట్టిపడి పీలికల అంచులు పోగులు ఊడలేదు. నలుపు మరీ కొత్తగా మెరిసింది, దాన్ని తిరగేసి మాసిన వైపు వాడాను. మొదటి సాయంత్రం మూడు గంటలు కూర్చుంటే అగ్గిపెట్టంత అయింది. లూపుల ఎత్తు ఒక్కటీ కలవలేదు, విప్పేసి మళ్లీ వేశాను. మొత్తం ఐదు వారాలు, మధ్యలో రెండుసార్లు వదిలేద్దామనుకున్నాను.

ఇప్పుడు దులపను, మడతపెట్టను. చుట్టాల్సి వస్తే లూపులు బయటికి ఉండేలా చుడతాను, లోపలికి చుడితే వెనక గోనె సాగి విరుగుతుంది.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. దగ్గరికి పెట్టమని, ఇంకా దగ్గరికి పెట్టమని, చివరికి "అన్ని రోజులు కూర్చున్నదానివి, ఆ కాళ్లు కూడా సరిచేసేయకపోయావా?" అంది.